నోలీన్ నోరు జారిన ఏడాది

నోలీన్ ట్రెగియర్‌కు దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రం. డాక్టర్ల మీద ఇంకా తక్కువ. రాజకీయ నాయకుల మాటెత్తితే టీ కప్పు బల్ల మీద పెట్టి లేచిపోతుంది. ఆమె నమ్మిందల్లా వెస్ట్‌గేట్ పెలికన్లను, బంతిని చేత్తో కూడా పట్టే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో తమ పేట జట్టును. పుట్టిన మూడో వారంలోనే వాళ్ల నాన్న ఆమెను ఆకుపచ్చ చారల దుప్పట్లో చుట్టి మైదానానికి ఎత్తుకెళ్లాడట. ఆ రోజు పెలికన్లు చిత్తుగా ఓడారు. ఆ తర్వాతి అరవై నాలుగేళ్లలో గెలిచింది ఒకే ఒక్క కప్పు. ఆ కప్పు గెలిచిన రోజు నోలీన్ ఆటలమ్మ పోసి మంచంలో ఉంది.

"నీకు జబ్బు చేస్తేనే గెలుస్తారేమో. ఈసారి ఫైనల్‌కి ముందు ఏదో ఒకటి అంటించుకో" అని మొగుడు కీత్ ఏటా ఏడిపిస్తాడు.

"ముందు ఫైనల్‌కి రానీ. వస్తే కలరా అయినా అంటించుకుంటా" అంటుంది ఆమె.

అలాంటి మనిషికి ఆ జట్టే ద్రోహం చేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ నోలీన్‌కే తెలియకుండా, ఆ దొంగకు తలుపు తీసింది కూడా నోలీనే.

బడి క్యాంటీన్‌లో కొలువు చేసినన్నాళ్లూ, మానేశాక కూడా, ఆదివారం పొద్దున ఆమె ఉండేది సాల్ట్ క్రీక్ పిల్లల క్లబ్బులోనే. ఆటకు ముందు పిల్లల మడమలకూ మోకాళ్లకూ వేళ్లకూ టేపుతో కట్లు కట్టడం ఆమె పని. జీతం లేదు, ఇరవై తొమ్మిదేళ్లుగా ఇచ్చిందీ లేదు, ఆమె అడిగిందీ లేదు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇప్పుడు పిల్లల తండ్రులైన వాళ్లలో కూడా ఆమె కట్టు కట్టని కాలు తక్కువ.

కట్టు కట్టించుకునే బల్ల మీద పడుకుంటే ఎంత మొండి పిల్లాడికైనా నోరు విప్పబుద్ధేస్తుంది. అమ్మానాన్నలు విడిపోతున్నారని ఒకడు, పరీక్ష తప్పానని ఒకడు, పోయిన వారం తగిలిన దెబ్బ కోచ్‌కు తెలియనివ్వలేదని ఒకడు. నోలీన్ వింటుంది, టేపు చివర పళ్లతో తెంపుతుంది, "పో, పోయి ఆడు" అంటుంది. ఆ మాటలు ఎవరి చెవినా వేయదు. కీత్‌కైతే అసలే చెప్పదు. కీత్‌కు చెప్పడమూ ఊళ్లో దండోరా వేయించడమూ ఒకటే.

కైల్ డెబోనో తొమ్మిదేళ్లప్పుడు ఆ బల్ల ఎక్కాడు. తండ్రి ఇళ్ల కప్పులకు పెంకు పరిచే మేస్త్రీ. తల్లి కార్మెన్ బేకరీలో తెల్లారకముందే లేచి, మాల్టా వాళ్ల పద్ధతిలో జున్ను కూరిన పస్తీజీలు పొరలు పొరలుగా చుడుతుంది. ఇల్లంతా పెలికన్ల భక్తులే. వాళ్ల ఇంటి నుంచి పెలికన్ల మైదానానికి నడిచి పోవచ్చు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి కైల్ గాల్లోకి లేచి బంతి పట్టాడంటే చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఈ ఏడాది డ్రాఫ్టులో, అంటే పెద్ద క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ల పేర్లు పిలిచి తీసుకునే రోజున, పెలికన్లు వాణ్ని వదలరని ఊరంతా అనుకుంది. పెలికన్ల తరఫున పిల్లల్ని ఎంచే గ్రాంట్ లవెల్ వాళ్లింటికి రెండుసార్లు వచ్చాడు. తలుపుకు ఆనించి కైల్ ఎత్తు కొలిచాడు. కార్మెన్ పెట్టిన పస్తీజీలు ఏడు తిన్నాడు. ఏ నంబరు చొక్కా అంటే ఇష్టమని కూడా అడిగాడు.

సాల్ట్ క్రీక్ జట్టు సెమీఫైనల్ రోజు, సగం ఆట అయ్యాక, కైల్ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి బల్ల దగ్గరికి వచ్చాడు.

"భుజం జారింది ఆంటీ. నేనే గోడకేసి తోసి ఎక్కించుకున్నా."

"కూర్చో. డాక్టర్ని పిలుస్తా."

"వద్దు, వద్దు. డ్రాఫ్టుకు పది వారాలే ఉంది. ఎవరికీ చెప్పకు. ఫైనల్ అవ్వగానే నేనే వెళ్తా. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ మీద వద్దురా, ఆవిడ నాకు మంచి స్నేహితురాలు. నీ మీదే వేసుకో."

వాడు నొప్పిలోనూ నవ్వాడు. ఆమె నాలుగు పొరలు కట్టు కట్టింది. మరుసటి వారం ఫైనల్లో వాడు నాలుగు గోల్సు కొట్టాడు. ఆ తర్వాత మాట ప్రకారం డాక్టరు దగ్గరికి వెళ్లాడు కూడా. ఆరు వారాలు వ్యాయామం చేస్తే సరిపోతుందన్నారు. చేశాడు, సరిపోయింది.

ఈలోగా సాల్ట్ క్రీక్ క్లబ్బులో సీజను చివరి టీ విందు వచ్చింది. నోలీన్ కొబ్బరి పొడి అద్దిన కేకు ముక్కలు చేసి తెచ్చింది. గ్రాంట్ లవెల్ వచ్చి, ఆకుపచ్చ కోటుతో, జేబు మీద తెల్ల పెలికన్ బొమ్మతో, సరిగ్గా ఆమె పక్కనే కూర్చున్నాడు. అరవై నాలుగేళ్లుగా గ్యాలరీలోంచి అరవడమే తప్ప, పెలికన్ల కోటు వేసుకున్న మనిషి ఒకడు పక్కన కూర్చుని ఆమె అభిప్రాయం అడగడం అదే మొదలు.

"నువ్వు ఈ పిల్లల్ని నాకంటే బాగా చూసుంటావు నోల్. డెబోనో ఎలాంటివాడు?"

కైల్‌కు మేలు చేసే ఘడియ ఇదే అనుకుంది నోలీన్. "ఎలాంటివాడా? వాడి గుండె ధైర్యం నీకు తెలీదు గ్రాంట్. సెమీఫైనల్లో భుజం జారిపోతే తనే గోడకేసి కొట్టి ఎక్కించుకున్నాడు. ఓ మాట కూడా అనలేదు. వారం తిరక్కుండా నాలుగు గోల్సు!"

లవెల్ నమలడం ఆపాడు. "అవునా! భుజమా? ఏ వైపు?"

"ఎడమ. నాకు తప్ప ఎవరికీ తెలీదు."

"అలాంటివాళ్లే కావాలి మాకు" అన్నాడు లవెల్, ఇంకో కేకు ముక్క తీసుకుంటూ.

నోలీన్ ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికి వచ్చింది. మాట తప్పానని ఆమెకు తట్టనే లేదు. పెలికన్లకు చెప్పడమంటే బయటివాళ్లకు చెప్పడం కాదు కదా. వాళ్లు మనవాళ్లు. ఇంట్లో మాట ఇంట్లోవాళ్లకు చెబితే తప్పేముంది? జట్టు మీద ఇంతగా ప్రాణం పెట్టుకున్నవాళ్లు మాత్రమే చేయగల తప్పు ఇది. ఆ వారమే క్లబ్బు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఈసారి డ్రాఫ్టులో వచ్చే మొదటి కుర్రాడికి చొక్కా అందించే గౌరవం, పాతకాపు సభ్యురాలిగా, ఆమెదేనని. చొక్కా అందుకునేది కైలేనని ఆమె ఒక నిశ్చయానికి వచ్చేసింది.

నవంబరులో డ్రాఫ్టు సాయంత్రం సాల్ట్ క్రీక్ క్లబ్బు హాలు కిక్కిరిసింది. బయట ఇంకా ఎండ కాస్తూనే ఉంది. కార్మెన్ నాలుగు ట్రేల పస్తీజీలు తెచ్చింది. కైల్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, మెడ దగ్గర బొత్తాం బిగించుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. నోలీన్ ఒళ్లో నోటు పుస్తకం. దేశంలోని పద్దెనిమిదేళ్ల ఆటగాళ్లందరికీ అందులో ఆమె వేసిన మార్కులుంటాయి. పెలికన్ల వంతులు మూడు: పదకొండు, ఇరవై నాలుగు, ముప్పై ఏడు.

టీవీలో పదకొండో పేరు పిలిచారు. హామిష్ విట్‌కూమ్, ఊరు కాల్‌గూర్లీ. హాలంతా ఒక్క క్షణం బిత్తరపోయింది.

"ఆ ఎడారి నుంచి తెచ్చారా! రెండు మీటర్లున్నాడు, ఒప్పుకుంటా. కరెంటు స్తంభం కూడా పొడుగే, దానికి బంతి పట్టడం వచ్చా?" అంది నోలీన్.

"నీ పుస్తకంలో వాడికెన్ని?" అన్నాడు కీత్.

"పదికి ఆరు. ఆ ఆరూ ఎత్తుకే."

"ఇంకో రెండు వంతులున్నాయిలే" అంది కార్మెన్. కైల్ మర్యాదగా చప్పట్లు కొట్టాడు.

ఇరవై నాలుగో పేరు అడిలైడ్‌లో పెద్ద ఫీజుల బడి పిల్లాడిది. నుదుటి మీద పడే జుట్టు, పళ్లన్నీ కనపడే నవ్వు. "ఆ జుట్టు చెదిరిపోతుందని ఆటగాళ్ల గుంపులోకే పోడు వీడు. మూడుసార్లు చూశా, ఎప్పుడూ బంతికి పది గజాల దూరంలోనే ఉంటాడు. నాలుగు మార్కులు, అవీ వాళ్లమ్మ మొహం చూసి." ఈసారి ఎవరూ నవ్వలేదు. కైల్ చప్పట్లు కొట్టాడు.

ముప్పై ఏడోది బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్న కుర్రాడి పేరు. మన ఆట వాడు మొత్తం తొమ్మిదిసార్లు ఆడాడట.

"తొమ్మిదా! మా కీత్ ఇంతకంటే ఎక్కువే ఆడాడు!"

"పదకొండు" అన్నాడు కీత్ నెమ్మదిగా.

పెలికన్ల వంతు అయిపోయింది. మిగతా క్లబ్బులు ఇంకో ఇరవై పేర్లు పిలిచాయి. వాటిలోనూ కైల్ పేరు లేదు. ఎందుకుంటుంది? పక్క వీధిలోవాళ్లే వదిలేశారంటే ఏదో లొసుగుందని మిగతావాళ్లు అనుకోరూ? కైల్ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, ఖాళీ ప్లేట్లు ఏరడం మొదలుపెట్టాడు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఒకరిద్దరు సాయం వెళ్తే "పర్లేదు, నేను చూస్కుంటా" అన్నాడు.

"ఏమైంది నోల్?" అంది కార్మెన్. "మా ఇంట్లో కూర్చుని తిన్నాడు కదా ఆయన! నంబరు కూడా అడిగాడే!"

"అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో. అంతే కార్మెన్! మన పిల్లాడు మన గుమ్మంలో ఉన్నాడని వీళ్లకి లోకువ." నోలీన్ హాలంతా వినపడేలా క్లబ్బును తిట్టింది. అధ్యక్షుణ్ని తిట్టింది, కోచ్‌ను తిట్టింది, లవెల్ తిన్న పస్తీజీలు వాడి కడుపులో రాళ్లయిపోవాలని శపించింది. తిడుతున్నంతసేపూ ఆమె మనసు నిర్మలంగా ఉంది. అంత నిర్మలంగా తిట్టడం ఆమెకు అదే ఆఖరు.

రెండు రోజుల తర్వాత, కీత్‌తో కారులో వెళ్తుంటే, రేడియోలో లవెల్ గొంతు వినిపించింది. స్థానిక కుర్రాణ్ని ఎందుకు వదిలేశారని ఎవరో అడిగారు. "కష్టమైన నిర్ణయమే. సెమీఫైనల్లో అతని ఎడమ భుజం జారింది, దాచిపెట్టాడు. అతనికి బాగా దగ్గరివాళ్లే మాకు చెప్పారు. దాచే అలవాటున్నవాణ్ని తీసుకోలేం కదా."

నోలీన్ చేయి చాచి రేడియో కట్టేసింది.

"దగ్గరివాళ్లా? ఎవడా నీచుడు?" అన్నాడు కీత్.

"నేనే."

కీత్ కారు పక్కకు తీసి ఆపాడు. నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆయనకు ఎగతాళి దొరకలేదు.

ధైర్యమని తను పొగిడిన మాట, అవతల చెవిలో పడేసరికి దాపరికమైంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది నోలీన్ పని. వాళ్లు కైల్‌ను వద్దనుకోవడం ఒక ఎత్తు. దానికి తన నోటినే కత్తిగా వాడుకోవడం ఇంకో ఎత్తు. ఆమెకు కోపం రావాలి, వచ్చింది, కానీ ఆ కోపం సగం దూరం వెళ్లి మళ్లీ ఆమె మీదికే తిరిగింది. డాక్టరు కాక, ఆ భుజం సంగతి తెలిసింది కైల్‌కూ తనకే. ఇక కైల్ ఆలోచించి కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. ఈగలు రాకుండా వేసే జాలీ తలుపు మూసి ఉంది. ఎప్పుడూ నోలీన్ అడుగుల చప్పుడుకే తెరుచుకునే తలుపు అది. కార్మెన్ లోపలి నుంచి చూసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగి, "కైల్" అని పిలిచి వెళ్లిపోయింది. కైల్ వచ్చాడు. తండ్రితో పనికి వెళ్లొచ్చినట్టున్నాడు, జుట్టంతా పెంకుల ఎర్ర దుమ్ము. తలుపు తీయలేదు.

"నేనే చెప్పానురా" అంది నోలీన్ జాలీకి ఇవతల నుంచి.

"తెలుసు."

"నిన్ను పొగుడుదామని చెప్పా. వాళ్లు నిన్ను ఎలాగైనా తీసుకోవాలని. బయటోళ్లకెవరికీ చెప్పలేదు కైల్. మనవాళ్లే కదా అని..."

"మనవాళ్లా?" వాడు గొంతు పెంచలేదు. "వాళ్లు నీ వాళ్లు ఆంటీ. నేనే నీ వాణ్ని అనుకున్నా. ఆ బల్ల మీద పడుకున్నప్పుడల్లా."

వాడు "స్నానం చెయ్యాలి" అని లోపలికి వెళ్లాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నోలీన్‌కు ఆ గుమ్మంలో తెలిసింది.

చొక్కా అందించే రోజు శనివారం. వెళ్లనంది నోలీన్. ఆ ఉత్తరం చించబోతే కీత్ చేతిలోంచి లాక్కున్నాడు.

"వెళ్లు. వెళ్లి ఆ లవెల్ మొహం మీదే అడుగు. ఇంట్లో కూర్చుని నన్ను తిడితే వాడికేం తెలుస్తది?"

వెళ్లింది. పెలికన్ల మైదానంలో గడ్డి మీద వరసగా కుర్చీలు వేశారు. మూడు వేల మంది సభ్యులు, పిల్లాజెల్లా వచ్చారు. లవెల్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ ముఖంలో సిగ్గు అనేది వెతికినా లేదు, అదే ఆమెకు మరీ మంట పుట్టించింది.

"నోల్! నీకెంత రుణపడ్డామో తెలుసా? ఓ వంతు వృథా కాకుండా కాపాడావ్!"

"నేను వాణ్ని తీసుకోమని చెప్పా గ్రాంట్. వదిలెయ్యమని కాదు. రేడియోలో చెప్పడానికి కాదు."

"నీ పేరు చెప్పలేదుగా."

"చెప్పక్కర్లేదు. తెలిసింది నా ఒక్కదానికే."

"చూడు నోల్, ఇది నా ఉద్యోగం. నువ్వు చెప్పావ్, నేను విన్నా. నువ్వూ పెలికన్లు బాగుండాలనేగా కోరేది?" అని ఆమె భుజం తట్టి, గొంతు తగ్గించాడు. "ఇంకో చిన్న సాయం. ఆ విట్‌కూమ్ కుర్రాడు మాతో నోరే విప్పట్లేదు. వాడి నడకలో ఏదో తేడా ఉందని నా అనుమానం. చొక్కా ఇచ్చాక కాసేపు కూర్చోబెట్టుకో. నీ దగ్గర పిల్లలు మాట్లాడతారుగా."

ఆమె మౌనాన్ని లవెల్ సరేననుకున్నాడు. అలవాటు మరి.

చొక్కా అందించింది. మూడు వేల మంది చప్పట్లు కొట్టారు. ఈ ఘడియ కోసం ఆమె చిన్నప్పటి నుంచి కలలు కంది. తీరా వచ్చాక, ఎదురుగా ఉండాల్సినవాడు ఈ సమయానికి ఏదో ఇంటి కప్పు మీద ఎండలో పెంకులు మోస్తున్నాడన్నదే కళ్ల ముందు మెదిలింది. హామిష్ విట్‌కూమ్ చాలా వంగితే గాని చొక్కా అందలేదు. వాణ్ని అసహ్యించుకుందామని గట్టిగా నిర్ణయించుకుని వచ్చింది ఆమె. దగ్గర నుంచి చూస్తే గడ్డం గీసుకోవడం ఇంకా సరిగ్గా రాని పిల్లాడు. గడ్డం కింద రెండు చోట్ల తెగింది.

సాసేజీలు కాలుస్తున్న చోటుకు దూరంగా, నీడలో ఇద్దరూ కూర్చున్నారు. వాడు చేతిలో రొట్టె తిప్పుతున్నాడు.

"మీరు కట్లు కడతారంట కదా? క్లబ్బు మేనేజరు చెప్పాడు."

"పిల్లలకి కడతా."

"ఎడమ పాదం. లోపల ఎముక. ఆగస్టు నుంచి సలుపుతుంది. పరిగెత్తినప్పుడు కాదు, ఆగినప్పుడు." వాడు చుట్టూ చూశాడు. "మా ఇంట్లో కూడా చెప్పలేదు. తెలిస్తే వీళ్లు నన్ను వెనక్కి పంపేస్తారా? ఎవరికీ చెప్పరు కదా?"

ఇరవై అడుగుల దూరంలో లవెల్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, మధ్య మధ్య ఇటు చూస్తున్నాడు. పెలికన్లకు ఈ ఒక్క మాట అందిందంటే వాళ్ల తెలివితక్కువ ఎంపిక ఊరందరికీ తెలిసిపోతుంది. కైల్‌ను కాదని తెచ్చుకున్నవాడి కాలు కుంటిదని తేలుతుంది. ఎంత తియ్యగా ఉంటుందో! ఆ తీపి ఆమె నాలుక చివరి దాకా వచ్చింది.

"విను బాబూ. సోమవారం నీకు నువ్వుగా బయట డాక్టరు దగ్గరికి పో. క్లబ్బు డాక్టరు కాదు, బయటోడు. పేరు నేను రాసిస్తా. ఆయన ఏమంటాడో విన్నాక, నీ అంతట నువ్వే వెళ్లి వీళ్లకి చెప్పు. దాచకు, దాస్తే ఆ దాచిందే తప్పంటారు. కానీ చెప్పేది నువ్వు చెప్పాలి, నీ నోటితో. కేకు తింటూ ఇంకెవరికీ చెప్పకు."

"మీకు చెప్పాను కదా."

"నాకు కూడా చెప్పకుండా ఉండాల్సింది."

వాడు అర్థం కానట్టు చూసి, తలూపాడు. ఆమె చీటీ మీద డాక్టరు పేరు రాసి వాడి అరచేతిలో పెట్టింది.

గేటు దగ్గర లవెల్ ఆమెను ఆపాడు. "ఏమన్నాడు? ఏదైనా చెప్పాడా?"

నోలీన్ ఆ ఆకుపచ్చ కోటు వంక, జేబు మీది తెల్ల పక్షి వంక చూసింది. పుట్టిన మూడో వారం నుంచి ఈ రోజు వరకు ఆ పక్షికి ఆమె ఇచ్చిన దానిలో దాపరికం లేదు.

"వాళ్లమ్మ వండే మాంసం కూర గుర్తొస్తుందన్నాడు. ఇంటి మీద బెంగ, అంతే."

"అంతేనా?"

"అంతే."

లవెల్ ఊపిరి పీల్చుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. ఏ అనుమానమూ లేకుండా నమ్మాడు. పెలికన్లతో నోలీన్ ఆడిన మొదటి అబద్ధం అది. నోరు తడబడలేదు. అంత తేలిగ్గా వచ్చినందుకే ఆమెకు ఏడుపొచ్చింది. కారు పక్కన నిలబడి, మూడు వేల మంది దాటిపోతుంటే సిగ్గుపడకుండా ఏడ్చింది. ఓడిపోయిన ఆటల తర్వాత అక్కడ ఏడ్చేవాళ్లను చూడటం అందరికీ అలవాటే గనక, ఎవరూ ఆగి ఏమైందని అడగలేదు.